పాయింట్లతో పరోపకారం: నిర్వాహకులకు కరదీపిక

ఇంటర్నెట్‌లో పదిమంది ఒకచోట చేరి ఒకరి సందేహాలు మరొకరు తీర్చుకునే సముదాయాన్ని నడపదలచిన నిర్వాహకుడు ముందుగా గ్రహించవలసినది ఏమంటే, ఊరికే సాయం చేసే మనుషులు లోకంలో ఉన్న మాట నిజమే అయినా, వారిని అలా ఊరికే వదిలేయడం పరిపాలనా దక్షత అనిపించుకోదు. ఎవరు ఎంత సాయం చేశారో లెక్క ఉండాలి, ఆ లెక్క పేరు పక్కనే నలుగురికీ కనబడాలి, అవసరమైతే తరగాలి కూడా. ఈ లెక్కనే ప్రతిష్ఠా పాయింట్లు అంటారు. అంటే, ఒక సభ్యుడి మాటను సముదాయం ఎంతవరకు నమ్ముతోందో చెప్పడానికి, తోటివారు వేసిన ఓట్లను బట్టి యంత్రం కూడి చూపే అంకె అన్నమాట. ఈ విద్యలో ఆరితేరినది స్టాక్ ఓవర్‌ఫ్లో. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రోగ్రామర్ల కోసం స్థాపించిన ఈ ప్రశ్నోత్తర వేదికను శ్రద్ధగా గమనించి, అందులోని మంచిని పక్కన పెట్టి తక్కినదంతా అనుకరించగల నిర్వాహకుడికి వేరే గురువు అక్కర్లేదు.

మొదటి పని ధరల పట్టిక రాయడం. స్టాక్ ఓవర్‌ఫ్లోలో సమాధానానికి ఒక అప్‌వోటు, అంటే బాగుందన్న ఓటు, పడితే 10 పాయింట్లు వస్తాయి. ప్రశ్న అడిగినవారు ఇదే తమకు పనికివచ్చిందని టిక్కు పెడితే 15 వస్తాయి. డౌన్‌వోటు పడితే 2 పోతాయి. ఈ పట్టికలోని సౌందర్యమంతా శ్రమను ఎక్కడా అడగకపోవడంలో ఉంది. ఎవరో ముక్కూ ముఖమూ తెలియని వ్యక్తి డేటాబేస్‌లో దాగిన తప్పును రాత్రంతా కూర్చుని వెతికి పట్టుకున్నవాడికి, ఆ తప్పు ఆ ఒక్క వ్యక్తిదే గనుక, టిక్కుకు 15, కృతజ్ఞతతో వేసిన ఓటుకు 10 కలిపి 25 పాయింట్లు ముడతాయి. ప్రోగ్రాములో చేసిన మార్పులను వరుసగా భద్రపరిచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆఖరి మార్పును వెనక్కి తీసుకోవడం ఎలాగని 2009లో ఎవరో అడిగిన ప్రశ్నకు మాత్రం 20,000కు పైగా ఓట్లు పడ్డాయి. అలాంటి ప్రశ్నకు జవాబిచ్చినవాడు నిద్రపోతున్నా పాయింట్లు వస్తూనే ఉంటాయి. ఓట్ల వల్ల వచ్చేవి రోజుకు 200 దాటకూడదన్న కట్టడి ఒక్కటే ఆ ప్రవాహానికి అడ్డు. కాబట్టి చిక్కు ప్రశ్న ఎదురైతే మర్యాదగా తప్పుకోవాలని, లక్షమందికి వచ్చే చిన్న సందేహం ఎక్కడ పుడుతుందా అని కాచుకుని ఉండాలని సభ్యులకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు.

కాచుకున్నవాడికి వేగం కూడా కావాలి. ముందు వచ్చిన జవాబుకే ముందు ఓట్లు పడతాయి గనుక, ప్రశ్న కనబడిన నిమిషంలోపే ఒక్క వాక్యం పడేసి, ఆ తరువాత తీరిగ్గా ఉదాహరణలూ వివరణలూ చేర్చుకోవడం ఉత్తమ మార్గం. రాసినవాడే మొదటి 5 నిమిషాల్లో చేసుకున్న దిద్దుబాట్లు చరిత్రలో విడిగా నమోదు కావు కాబట్టి, చూసేవారికి అది పుట్టుకతోనే పరిపూర్ణమైన సమాధానంలా కనబడుతుంది. అయితే వేగాన్నే ఆరాధించే నిర్వాహకుడు తన భక్తులను మించిన భక్తుడు రాగలడని కూడా ఊహించుకోవాలి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన కొద్ది రోజులకే, దానితో రాయించిన సమాధానాలు చూడటానికి చక్కగా ఉండి తరచూ తప్పుగా తేలుతూ వెల్లువలా వచ్చి పడటంతో, స్టాక్ ఓవర్‌ఫ్లో వాటిని నిషేధించవలసి వచ్చింది. పాయింటుకు ఆశపడే మనిషి చేతికి అలసట ఎరగని పరికరం దొరికితే మరేం జరుగుతుంది?

తరువాతి మెట్టు పాయింట్లకు అధికారాన్ని ముడిపెట్టడం. స్టాక్ ఓవర్‌ఫ్లోలో అప్‌వోటు వేయడానికి 15, ఇతరుల ప్రశ్నల కింద వ్యాఖ్య రాయడానికి 50, డౌన్‌వోటు వేయడానికి 125, ఎవరి అనుమతీ లేకుండా ఇతరుల రాతలు దిద్దడానికి 2,000, ప్రశ్నలను మూసివేయించే ఓటుకు 3,000 పాయింట్లు ఉండాలి. కొత్త సభ్యుడు 1 పాయింటుతో మొదలవుతాడు. ఆ ఒక్క పాయింటుతోనే అతడు సమాధానం రాయవచ్చు గాని, ప్రశ్న అర్థం కాలేదనీ మరికొంత వివరం చెప్పమనీ వ్యాఖ్యలో అడగడానికి వీల్లేదు. మందు రాసే అధికారం ఇచ్చి, నొప్పి ఎక్కడని అడిగే అధికారం లేదన్నట్టుంటుంది. గత్యంతరం లేక అతడు ఆ అనుమానాన్ని సమాధానం పెట్టెలోనే రాస్తే, ఇది సమాధానమే కాదని పెద్దలు దాన్ని తొలగిస్తారు. తొలగించడానికి కావలసిన అధికారం వారికి ఒకప్పుడు చేసిన సాయం వల్లే వచ్చిందన్నది గమనార్హం. సాయం చేయడంలో నేర్పరి అయినవాడు చట్టం అమలు చేయడంలోనూ నేర్పరి అవుతాడన్న ఈ సిద్ధాంతానికి ఆధారం అడిగేవారిని నిర్వాహకుడు దగ్గరికి రానీయకూడదు.

తప్పు జవాబును తప్పని చెప్పేవారికి కొద్దిపాటి జరిమానా కూడా ఉండటం మంచిది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో సమాధానానికి డౌన్‌వోటు వేసినవాడి ఖాతాలోంచి 1 పాయింటు పోతుంది; మెచ్చుకోవడం మాత్రం ఉచితం. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత ఇక్కడా పనిచేస్తుంది గాని, మిత్రుడికి ఒకే ఊపులో వరుసగా ఓట్లు గుద్దితే యంత్రం పసిగట్టి వెనక్కి లాగేస్తుంది కాబట్టి, స్నేహాన్ని కాస్త నెమ్మదిగా చాటుకోవాలని సభ్యులకు హితవు చెప్పాలి. నిజానికి ఓటు అసలు పని మంచి సమాధానాన్ని పైకి తేవడం, ఆ పని అది చాలావరకు బాగానే చేస్తుంది. దాన్ని తీసుకుపోయి మనిషి పేరుకు అంటగట్టినప్పుడే ఈ కరదీపికకు అవసరం ఏర్పడింది.

బ్యాడ్జీల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఇన్నిసార్లు ఓటు వేస్తే ఇంత పతకం అని గురి పెట్టినప్పుడు, ఆ గురి దగ్గరపడే కొద్దీ సభ్యులు హడావిడిగా ఓట్లు వేసి, పతకం చేతికి రాగానే చల్లబడిపోతారని 2013లో ఆండర్సన్, హట్టెన్‌లాకర్, క్లైన్‌బర్గ్, లెస్కోవెట్స్ స్టాక్ ఓవర్‌ఫ్లో లెక్కలతోనే చూపించారు. దీనికి విరుగుడుగా ఒక పతకం అందగానే మరొకటి సిద్ధంగా ఉంచాలి. మొత్తానికే సులభమైన పద్ధతి కోరేవారు యాహూ ఆన్సర్స్‌ను ఆదర్శంగా తీసుకోవచ్చు: అక్కడ ప్రశ్న అడిగితే 5 పాయింట్లు పోయేవి, ఏ జవాబు రాసినా 2 వచ్చేవి. తెలియదని రాసి 2 పాయింట్లకు కృతజ్ఞతలు చెప్పుకునే సంప్రదాయం అక్కడ వర్ధిల్లింది. 2021 మేలో అది మూతపడింది.

నిర్వాహకుడు అన్నిటికంటే జాగ్రత్తగా తప్పించుకోవలసినది వికీపీడియావారి బార్న్‌స్టార్. పని నచ్చిన ఒక సభ్యుడు మరొకరి చర్చాపేజీలో, ఎందుకు నచ్చిందో రాసి, అతికించే నక్షత్రం బొమ్మ అది. తెలుగు వికీపీడియాలోనూ ఇలా పతకాలు ఇచ్చుకుంటారు. దానితో ఏ అధికారమూ రాదు, దాన్ని కూడి పట్టికలో ఎక్కించడం కుదరదు. 2012లో రెస్టివో, వాన్ డె రైట్ ప్రచురించిన ప్రయోగంలో, బాగా రాసే సభ్యుల్లో కొందరిని యాదృచ్ఛికంగా ఎంచి ఈ బొమ్మ ఇవ్వగా, ఇవ్వనివారితో పోలిస్తే వారి పని 60 శాతం పెరిగింది. చేసిన పనిని ఒక మనిషి చదివి మరీ మెచ్చుకోవలసి రావడం దీనిలోని లోపం. సభ్యులు లక్షల్లోకి పెరిగాక అంత తీరిక ఎవరికి ఉంటుంది?

చివరగా, ఉపకారం చేసినవారిని గుర్తించి అందనివారిని మరచిపోవడం న్యాయం కాదు. అందుకు స్టాక్ ఓవర్‌ఫ్లో టంబుల్‌వీడ్ అనే బ్యాడ్జీ పెట్టింది. ఒక్క ఓటూ, వ్యాఖ్యా, సమాధానమూ లేకుండా, చూసినవారు కూడా పెద్దగా లేకుండా వారం రోజులు పడి ఉన్న ప్రశ్నను అడిగినవారికి అది దానంతటదే అందుతుంది. ఆ బ్యాడ్జీతో పాయింట్లు రావు గనుక, వ్యాఖ్య రాసే అర్హతకు వారింకా 49 దూరంలోనే ఉండవచ్చు.