ఏడో క్రోమోజోమ్

పులి అలికిడి తగిలితే కుక్కలా మొరిగే చిన్న జింక ఒకటి మన తూర్పు కనుమల్లో, ఆదిలాబాద్ వైపు కవ్వాల్ అడవుల్లో ఉంటుంది. మొరిగే జింక అనే పిలుస్తారు. ఆడదాని కణాల్లో 6 క్రోమోజోములు, మగదాని కణాల్లో 7. పాలిచ్చే జంతువుల్లో ఇంతకన్నా తక్కువ ఇంతవరకూ ఎక్కడా కనపడలేదు. చైనాలో ఉండే దీని దగ్గరి చుట్టానికేమో మనిషికి ఉన్నట్టే 46. డోరిస్ వుర్‌స్టర్, కర్ట్ బెనిర్ష్కే 1970లో ఈ ఆరూ ఏడూ లెక్క ప్రకటించారు. సికిందరాబాదులో జువాలజీ చెప్పినన్నాళ్లూ నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే. సిలబస్‌లో లేకపోయినా చెప్పేదాన్ని.

మగదానికి ఆ ఏడోది ఎక్కడిది? ఒకప్పుడు విడివిడిగా ఉన్న క్రోమోజోములు ఈ జింకలో ఒకదానికొకటి అతుక్కుంటూ వచ్చాయి. ఆ వరసలో ఒక మామూలు క్రోమోజోము పోయి, ఆడా మగా తేల్చే జతలోని ఎక్స్‌కు అతుక్కుంది. ఆడదానికి ఎక్స్‌లు రెండు కాబట్టి జత కుదిరిపోయింది. మగదానికి ఎక్స్ ఒకటే, రెండోది వై. దాంతో ఆ మామూలు క్రోమోజోము రెండో ప్రతి ఎవరికీ అతుక్కోకుండా విడిగా మిగిలింది. అసలు వైతో పాటు ఇప్పుడు అదీ తండ్రి నుంచి కొడుక్కే పోతుంది, కూతురికి ఎన్నటికీ రాదు. నిన్నటిదాకా మామూలుగా ఉన్నది రెండో వై అయి కూర్చుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింకలోనూ ఇలాంటి అతుకే ఉంది: ఆడదానికి 30, మగదానికి 31. కొమ్ములు రాలని జాతి కనుక శాస్త్రం దాన్ని అసలు జింకల కుటుంబంలో కలపదు. అయినా ప్రకృతి రెండు చోట్లా ఒకే పని చేసింది.

ఈ పాఠం వెస్ట్ మారేడుపల్లిలో ఒక బారసాలలో చెప్పవలసి వచ్చింది.

మా వీధి చివరి ఇల్లు. రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన, డెబ్బై ఎనిమిదేళ్లవాడు. ఒక్కడే కొడుకు. ఆ కొడుక్కి రెండోసారీ ఆడపిల్లే పుట్టింది. పళ్లెంలో బియ్యం పరిచి తండ్రి ఉంగరంతో పేరు రాశాడు, పాపను ఉయ్యాలలో వేశారు, పాటలు పాడారు. భోజనాలయ్యాక హాల్లో కూర్చున్నప్పుడు పెద్దాయన ఫోన్ తీసి ఒక వాట్సాప్ మెసేజ్ పైకి చదివారు. మన ఋషులు వై క్రోమోజోము సంగతి ముందే కనిపెట్టారట, అందుకే గోత్రం మగవాళ్ల వెంట పెట్టారట, ఆడపిల్లతో వంశం ఆగిపోతుందట.

"ఏం మేడమ్‌గారూ, మీ సైన్సూ ఇదే కదా చెప్పేది?" అన్నారు. ఆ వెంటనే, ఎవరివైపూ చూడకుండా, "మూడోసారి చూడాలి మరి. తప్పదు" అన్నారు.

ఉయ్యాల పక్కన చెవులకు గుడ్డ కట్టుకుని కూర్చున్న బాలింత తల వంచుకుంది. ఇరవై ఒక్క రోజుల పచ్చి ఒళ్లు. నాకు కడుపులో రగిలింది.

"వై తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది బాబాయిగారూ, అంతవరకూ నిజమే. కొడుకా కూతురా అని తేల్చేదీ తండ్రి ఇచ్చేదే. తల్లి దగ్గరున్నవి రెండూ ఎక్స్‌లే, ఆవిడ ఇంకేం ఇస్తుంది? మీరు అడగాల్సింది మీ కోడల్ని కాదు. పైగా కొడుక్కి మాత్రమే వెళ్లేది చెక్కుచెదరకుండా ఉంటుందనుకోకండి" అని జింక కథ ఎత్తుకున్నాను.

జతగా ఉన్న క్రోమోజోములు ప్రతి తరంలోనూ ముక్కలు మార్చుకుంటాయి. తాళపత్రానికి రెండు ప్రతులుంటే ఒకదాంట్లో జారిన అక్షరాన్ని రెండోదాన్ని చూసి సరిచేస్తారు. ఒక్కటే ప్రతి ఉంటే? ఎత్తిరాసిన ప్రతిసారీ పాత తప్పు అలాగే ఉంటుంది, కొత్తది వచ్చి చేరుతుంది. వై పరిస్థితి అది. ఎక్స్, వై ఒకప్పుడు సరిసమానమైన జత. ఇవాళ మనిషి ఎక్స్ మీద ఎనిమిది వందలకు పైగా జన్యువులుంటే, వై మీద మిగిలినవి కొన్ని పదులు. కోట్ల ఏళ్ల కిందటి సంగతి కాబట్టి ఆ అరుగుదల ఎలా మొదలైందో మనుషుల్లో వెతికితే దొరకదు. చైనా శాస్త్రవేత్తలు దాన్ని మన మొరిగే జింకకు మరో చుట్టమైన నల్ల మొరిగే జింకలో వెతికారు. దానిలో ఎక్స్‌కు జరిగిన అతుకు, ఆ తర్వాత క్రోమోజోములో ఒక పెద్ద ముక్క తలకిందులై మార్పిడి ఆగిపోవడం, రెండూ గత 5 లక్షల ఏళ్లలోపువే. పరిణామంలో అది నిన్నమొన్నటి మాట. 2008లో ప్రకటించిన ఆ పరిశోధనలో 23 జన్యువుల జతలను పక్కపక్కన పెట్టి చూస్తే, కొత్త వై మీదున్న ప్రతుల్లో 8 జన్యువులకు అప్పటికే హాని చేసేలా ఉన్న మార్పులు కనిపించాయి. కొడుకులకే చెందిన కొద్ది కాలానికే అది పాడవడం మొదలుపెట్టింది.

మనిషి వై రేపో మాపో మాయమైపోతుందని నేను అనలేదు. మనకూ రీసస్ కోతికీ దారులు విడిపోయిన రెండున్నర కోట్ల ఏళ్లలో మన వై పోగొట్టుకున్న పాత జన్యువు ఒక్కటేనని 2012లో తేలింది. మగతనానికి కావలసినవి అది గట్టిగా పట్టుకునే ఉంది. మిగతా మనిషిని తయారుచేసేవి తక్కిన క్రోమోజోములన్నీ. ఎక్స్ తప్ప అవన్నీ కూతురికీ కొడుక్కీ సమానంగానే అందుతాయి. ఉయ్యాలలోని ఆ పసిదాని ఒంట్లో తాతగారి పాలు తక్కువేమీ లేదు. అదే మాట ఆయనతో అన్నాను.

"అరిగితే అరగనివ్వండి. మా ఇంటిది మాకు గొప్ప" అని ఆయన లేచి గోడకున్న పటం దగ్గరికి తీసుకెళ్లారు. వంశవృక్షం. పెద్ద సైజులో ప్రింటు వేయించి అద్దం బిగించారు. పై నుంచి కిందికి ఏడు తరాలు, అన్నీ మగపేర్లే, ఒక్కొక్క పేరు కింద పుట్టిన సంవత్సరం. తరానికీ తరానికీ నడుమ ఇరవై, పాతికేళ్ల ఎడం. పెద్దాయన పేరుకూ ఆయన పైనున్న పేరుకూ మధ్య మాత్రం 61 ఏళ్లు. అట్టడుగున కొడుకు పేరు, దాని కింద గీత గీసి వదిలేసిన ఖాళీ గడి.

"ఏడు తరాల వై మాది. ఈ గడి ఖాళీగా పోకూడదనే నా బాధ. కావాలంటే మన హబ్సిగూడలోనే ఉంది కదా సీసీఎంబీ, పరీక్ష చేసుకోమనండి!"

ఆ మాట మీద లాల్జీ సింగ్ గారి సంగతి చెప్పాను. సీసీఎంబీ అనే ఆ జీవశాస్త్ర పరిశోధన సంస్థకు ఒక దశాబ్దం పైగా డైరెక్టరుగా ఉన్న మనిషి. ఆయన కుర్రతనంలో వెతికింది పాముల్లో ఆడా మగా తేల్చే క్రోమోజోములను. చాలా పాముల్లో జత కుదరనిది ఆడదాని దగ్గరుంటుంది, తల్లి నుంచి కూతురికే పోతుంది. అక్కడ అరిగిపోయింది అదే. పసుపు నలుపు పట్టీల కట్లపాములో ఆ క్రోమోజోము మీద ఆయనకు దొరికిన డీఎన్ఏ వరసే, 1980ల చివర్లో హైదరాబాదులో డీఎన్ఏ వేలిముద్రల పరీక్షకు ఆధారమైంది. బిడ్డకు తండ్రెవరన్న తగాదాలను ఈ దేశపు కోర్టుల్లో తేల్చిన పరీక్ష అది.

పెద్దాయన అక్కగారు అంతసేపూ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని తాంబూలాలకు ఆకులు తుడుస్తున్నారు. తెనాలి నుంచి వచ్చారు. ఎనభై నాలుగేళ్లు. పొద్దుట్నుంచీ ఆవిడ నోట పట్టుమని పది మాటలు రాలేదు. చేతిలో ఆకు పళ్లెంలో పెట్టి నావైపు తిరిగారు.

"అమ్మా, నాకు తెలీక అడుగుతున్నాను. ఆ వై అనేది కన్నతండ్రి నుంచే వస్తుందా, దత్తత చేసుకున్న తండ్రి నుంచి కూడా వస్తుందా?"

"కన్నతండ్రి నుంచే అండీ."

"అదీ. అయితే తమ్ముడూ, ఆ పటంలో నీ పైనున్నది అమ్మ వాళ్ల నాన్న పేరు. ముగ్గురూ ఆడపిల్లలే పుట్టారని తాతయ్య నిన్ను నాలుగో ఏట దత్తత తీసుకున్నాడు. చంకనేసుకుని ఆ ఇంట్లో దింపి వచ్చింది నేనే. ఈవిడ చెప్పే వై తాతయ్యది తాతయ్యతోనే పోయింది, నీకున్నది మన నాన్నది. ఆ ఏడు తరాల నెత్తురు నీ ఒంట్లో చుక్క ఉందంటే అది అమ్మ ఇచ్చిందే. అమ్మ పేరేదిరా అందులో?"