మర్యాదగా కాదనే చట్టం

అమెరికాలో బీదవాళ్లకు సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా పేరు మెడికెయిడ్. 1965లో అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో పుట్టింది. ఖర్చు కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి, నడిపేది రాష్ట్రం. మొదట్లో పద్ధతి మహా మోటుగా ఉండేది. రోగి వచ్చాడు, డాక్టరు చూశాడు, సర్కారు బిల్లు కట్టింది. మధ్యలో ఎవరూ లేరు. మధ్యలో ఎవరూ లేకపోతే ప్రభుత్వానికి నిద్రెలా పడుతుంది? అందుకని మేనేజ్డ్ కేర్ అని ఒకటి తెచ్చారు.

నెల మొదట్లోనే డబ్బు కట్టించుకునే మెస్సు తెలుసుగా. మనం ఎంత తక్కువ తింటే ఓనరుకి అంత మిగులు. రెండోసారి పప్పు అడిగితే వడ్డించేవాడికి సరిగ్గా అప్పుడే చెవుడొస్తుంది. మేనేజ్డ్ కేర్ కూడా అంతే. తలకింత, నెలకింత అని సర్కారు కంపెనీకి ముందే కట్టేస్తుంది. ఆ నెల మనిషి మంచం పట్టినా అదే డబ్బు, మారథాన్ పరిగెత్తినా అదే డబ్బు. ఇప్పుడు మెడికెయిడ్‌లో ఉన్నవాళ్లలో నలుగురికి ముగ్గురు ఈ మెస్సులోనే భోంచేస్తున్నారు.

పప్పు వడ్డించకపోవడానికి అక్కడ పెట్టుకున్న పేరు ‘ప్రయర్ ఆథరైజేషన్’, అంటే ముందస్తు అనుమతి. మన నెట్‌వర్క్ ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడ్డ ఎవరికైనా ఇది తెలిసిన బాధే: ‘అప్రూవల్ ఇంకా రాలేదండీ, కూర్చోండి.’ 2023లో అక్కడి కేంద్ర ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 115 కంపెనీల 2019 నాటి లెక్కలు విప్పి చూసింది. డాక్టరు అడిగిన ప్రతి ఎనిమిదింటిలో ఒకటి కాదన్నారు. పన్నెండు కంపెనీలైతే నాలుగింట ఒకటి కన్నా ఎక్కువే కొట్టేశాయి. ముసలివాళ్లకిచ్చే మెడికేర్‌లో ఇలాంటి కంపెనీలే కాదన్నది నూటికి ఆరుకి కాస్త తక్కువ. బహుశా ముసలివాళ్లు ఓటుకి తప్పకుండా వెళ్తారని కంపెనీలకీ తెలుసేమో.

నిజం చెప్పాలంటే కాదన్న ప్రతిసారీ దుర్మార్గమే అనలేం. అక్కర్లేని స్కానింగులు రాసే డాక్టర్లు తెనాలిలోనూ ఉంటారు, టెక్సస్‌లోనూ ఉంటారు. కానీ కాదన్న ప్రతిసారీ డబ్బు మిగిలే మనిషినే న్యాయమూర్తిగా కూర్చోబెట్టడం ఏ రకం పొదుపో అర్థం కాదు.

టెక్సస్ అనుకున్నాం కాబట్టి అక్కడికే పోదాం. 2018లో డల్లాస్ మార్నింగ్ న్యూస్ పత్రిక ‘పెయిన్ అండ్ ప్రాఫిట్’ పేరుతో వరుస కథనాలు వేసింది. గొంతులో గొట్టంతో ఊపిరి పీల్చే ఒక పసిబిడ్డ, కన్నవాళ్ల దగ్గర కాక పెంపుడు సంరక్షణలో ఉన్నాడు. రాత్రింబవళ్లు నర్సు కావాలని అడిగితే కంపెనీ ఒప్పుకోలేదు. నర్సు లేని సమయంలో బిడ్డ ఆ గొట్టం లాగేసుకున్నాడు. మెదడు దెబ్బతింది. ఈ సంగతి మీద వ్యంగ్యం రాయడం నా వల్ల కాదు.

టెక్సస్ శాసనసభ కదిలింది. 2019లో సెనేట్ బిల్లు 1207 చట్టమైంది. కంపెనీలకు తలకింత చొప్పున ముందే కట్టే పద్ధతిని మార్చారా అంటే, ఛ, అంత మాట! కాదనేటప్పుడు ఎలా కాదనాలో నేర్పారు. వైద్యం ఎందుకు ఇవ్వడం లేదో రోగికి స్పష్టంగా, సులువుగా అర్థమయ్యేలా రాసి పంపాలి. అప్పీలు ఎలా చేసుకోవాలో అదీ తేటగా చెప్పాలి. దాంతో, అదివరకు అర్థం కాక ఏడ్చినవాళ్లకు అర్థమయ్యాక ఏడ్చే వీలు కలిగింది.

ఇంకో మంచి పని కూడా చేశారు, అది ఒప్పుకోవాలి. కంపెనీతో సంబంధం లేని బయటి డాక్టరు చేత ఆ నిర్ణయాన్ని మళ్లీ చూపించుకునే హక్కు ఇచ్చారు. చట్టం 2019లో వచ్చింది, ఆ హక్కు జనం చేతికొచ్చింది మాత్రం 2021 మే ఒకటిన. పాపం, చట్టానికి కూడా అప్రూవల్ రావాలిగా.

ఇక దారి చూడండి. ముందు కాదన్న కంపెనీకే 60 రోజుల్లోపు అప్పీలు పెట్టుకోవాలి. ఈలోగా ఉన్న సేవ ఆగకూడదంటే పది రోజుల్లోనే అడగాలి. కంపెనీ రెండోసారీ కాదంటే, అప్పుడు రాష్ట్రం ముందు విచారణ, దాంతోపాటు బయటి డాక్టరు పరిశీలన కోరవచ్చు. దానికి 120 రోజుల గడువు. ఆ కోరే ఫారం నింపి ఎవరికి పంపాలి? కంపెనీకే. కంపెనీ మీద ఫిర్యాదును కంపెనీయే అందుకుని, పై వాళ్లకు భద్రంగా అందజేస్తుంది.

2021లో మరో చట్టం. అడిగినవాటిలో నూటికి తొంభై అనుమతి పొందే డాక్టరుని ఇక ఆ చికిత్సకు ముందస్తు అనుమతి తెచ్చుకోమనకూడదన్నారు. ముద్దుగా ‘గోల్డ్ కార్డ్’ అన్నారు. బాగుంది. కాకపోతే అది ప్రైవేటు బీమా ఉన్నవాళ్లకు. మెడికెయిడ్‌కి వర్తించదని అందులోనే రాసుకున్నారు. బీదవాడి డాక్టరుకి బంగారం ఎందుకులెండి.

కనెక్టికట్ అనే చిన్న రాష్ట్రం మాత్రం 2012లో ఈ తలకింత కంపెనీలకు దణ్ణం పెట్టి, బిల్లులు తనే కట్టుకోవడం మొదలెట్టింది. ఆకాశం విరిగి మీద పడలేదు.

ఈ గొడవంతా మనకెందుకంటారా? 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆరోగ్య బీమాలో కొత్త విధానానికి సరే అంది. వైద్యం ఖర్చు రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ చూసుకుంటుంది, ఆ పైన 25 లక్షల దాకా సర్కారు ట్రస్టు. మనకిదేమీ కొత్త కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు నడిపింది స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీయే, తర్వాత ట్రస్టు చేతికొచ్చింది. (టెక్సస్ పథకాల పేర్లు కూడా స్టార్, స్టార్ ప్లస్, స్టార్ కిడ్స్. గ్రహబలం.) ట్రస్టు నడిపినంత కాలం అంతా భేషుగ్గా ఉందని కాదు. బకాయిలు పేరుకుని, ఆసుపత్రులు సేవలు ఆపేసేదాకా వచ్చింది. ఆ మధ్యలో మనం పథకానికి రాజీవ్ పేరా, ఎన్టీఆర్ పేరా, వైఎస్సార్ పేరా, మళ్లీ ఎన్టీఆర్ పేరా అన్న అత్యవసర చికిత్సలో తలమునకలై ఉన్నాం.

కొత్త పద్ధతిలో అనుమతి ఆరు గంటల్లో వస్తుందని చెప్పారు. సంతోషం. ‘కాదు’ కూడా ఆరు గంటల్లోనే వస్తుందా అని ఎవరూ అడగలేదు. టెండరు కాగితాలు చూసే పెద్దలు ఇంకో రెండు సంగతులు వెతికితే బాగుండు: ఖర్చు కాగా మిగిలిన ప్రీమియం ఎవరి జేబులోకి పోతుంది, కాదన్న రోజున రోగి ఫారం ఎవరి చిరునామాకు పంపాలి. రెండింటికీ జవాబు ‘సదరు కంపెనీ’ అనే ఉంటే, అధ్యయనం పేరుతో అధికారుల బృందాన్ని టెక్సస్ పంపే విమాన ఖర్చులైనా సర్కారుకు మిగిలినట్టే.