చుట్టాలకి పండగ, మాకు కర్ఫ్యూ

అమలాపురం, తూర్పు గోదావరి జిల్లా
17 జనవరి 2022, ముక్కనుమ

రాత్రి కర్ఫ్యూ ఉత్తర్వు మీద సంతకం చేసిన ప్రభుత్వం వారి దివ్యసముఖానికి,

విషయం: కరోనాకి సంక్రాంతి సెలవులు మంజూరు చేసినందుకు కృతజ్ఞత, సెలవులయ్యాక దాన్ని మా సందులో డ్యూటీకి వేసినందుకు విన్నపం.

అయ్యా,

మేం ఎర్రవంతెన దగ్గర ఓ సందువాళ్లం. ఇక్కడంతా క్షేమం అని రాయాలనే ఉంది గానీ, నిన్న రాత్రి నుంచి ఇంటింటా తుమ్ములు వినబడుతున్నాయి. అందుకని ఆ మాట నెలాఖరుకి వాయిదా వేస్తున్నాం. వాయిదా వెయ్యడం తమరి దగ్గర నేర్చుకున్నదే లెండి.

ఈ నెల 10న తమరు సమీక్ష జరిపి, రాత్రి 11 నుంచి తెల్లారి 5 దాకా కర్ఫ్యూ అన్నారు. ఒమిక్రాన్ వచ్చిపడిందన్నారు. మాస్కు లేకపోతే వంద రూపాయలు, ఆరుబయట 200 మందికి మించకూడదు, నాలుగ్గోడల మధ్యయితే 100, సినిమా హాల్లో సీటు విడిచి సీటు అన్నారు. మేం సరేనని తలూపేలోగా, మర్నాడే, పండక్కి ఊళ్లకొచ్చే జనం ఇబ్బంది పడతారని కర్ఫ్యూని 18వ తారీఖుకి జరిపారు. అంటే రేపు రాత్రికి.

ఆ తారీఖు ఎంచిన అధికారి ఎవరో గానీ, మావైపు సంబంధం చేసుకున్నవారే అయ్యుండాలి. కనుమ నాడు కాకైనా కదలదని సామెత. కనుమ నిన్న, 16న. అల్లుళ్లు కదిలేది ముక్కనుమ నాడు, అంటే ఇవాళ. ఆఖరి కారు రావులపాలెంలో హైవే ఎక్కి, డిక్కీలో కొబ్బరికాయల బస్తా సర్దుకున్నాక కర్ఫ్యూ మొదలు. పంచాంగం చూసి జబ్బుకి ముహూర్తం పెట్టడం లోకంలో ఇదే మొదటిసారేమో అనుకున్నాం. కాదట. 2020 క్రిస్మస్‌కి ఇంగ్లండులో కూడా ఐదు రోజులు సడలిస్తామన్నారు. తీరా జబ్బు ముదిరేసరికి డిసెంబరు 19న మాట మార్చి, ఒక్క పండగ రోజుకి కుదించారు. లండనుకి అదీ లేదన్నారు. వాళ్లు జబ్బుని చూసి మాట మార్చారు, తమరు అరిసెల్ని చూసి మార్చారు. అదీ తేడా.

వాయిదా వల్ల ఒక గండం మాత్రం గడిచింది, ఒప్పుకోవాలి. భోగి మంట వేసేది తెల్లారగట్ల నాలుక్కి. అది తమరి కర్ఫ్యూ వేళ. ఐదు దాటాక, తూరుపు తెల్లబడ్డాక వేసేదాన్ని మావైపు భోగి మంట అనరు, నీళ్లు కాచుకోవడం అంటారు. పిడకల దండలు మెళ్లో వేసుకున్న పిల్లలందర్నీ లైన్లో నిలబెట్టి కేసులు రాసే పని మన పోలీసులకి తప్పింది. వాళ్ల తరఫున కూడా ఓ నమస్కారం.

పండగ నాలుగు రోజులూ మా సందు ఎలా ఉందో మనవి చేస్తాం. రెండేళ్లుగా రాని చుట్టాలంతా ఈసారి ఒక్కుమ్మడిగా దిగారు. హైదరాబాదు, బెంగళూరు, కువైట్. ఇద్దరే ఉండే ఇంట్లో పద్నాలుగు మంది, ఒక్క స్నానాలగది, దాని ముందు తువ్వాళ్లు భుజాన వేసుకుని క్యూ. ఆరడుగుల దూరం పాటించాలంటే ఆ క్యూ వీధి గుమ్మం దాటి గడియార స్తంభం దాకా పోవాలి. కారు దిగేటప్పుడు అందరికీ మాస్కులున్నాయి. అవీ పట్టుచీరకి తగిన రంగువి. గుమ్మంలో కాళ్లు కడుక్కోగానే మా పెద్దత్తయ్య ఇత్తడి పళ్లెంలో అరిసెలు, పోకుండలు, సున్నుండలు తెచ్చి ముందు పెట్టింది. మాస్కు గడ్డం కిందికి దిగింది. అరిసె అయ్యాక జంతికలు, జంతికలయ్యాక కాఫీ, కాఫీ అయ్యాక "అయ్యో, పూతరేకు ముట్టనే లేదేంటమ్మా, ఆత్రేయపురం నుంచి తెప్పించాం" అన్న నిష్ఠూరం. అలా ఆ మాస్కు నాలుగు రోజులూ గడ్డం కిందే ఉండిపోయింది. తినే మనిషికి మాస్కు నుంచి మినహాయింపు ఉంటుందని తమరే ఎక్కడో రాసి ఉంటారు. మా జిల్లాలో చుట్టం తినకుండా ఉండే నిమిషం ఉండదని ఎవరూ తమరికి చెప్పలేదు. గోదావరి అవతల నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారని పేపర్లో పడింది, చదివే ఉంటారు. ఆ విస్తరి ముందు మాస్కు పెట్టుకోమని చెప్పగల ధైర్యం ఏ ఉత్తర్వుకి ఉంటుందండి?

ఇక 200 మంది లెక్క. నిన్న కనుమ కదా, కోనసీమంతా ప్రభల తీర్థాలు. మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల నుంచి పదకొండు ప్రభలొస్తాయి. ఏకాదశ రుద్రులు ఏడాదికోసారి అక్కడ కలుసుకుంటారని మా నమ్మకం. వెదురు కట్టి, రంగు బట్టలు చుట్టి, గంటలు వేలాడేసిన ప్రభని అశ్శరభ శరభ అంటూ భుజాల మీద పచ్చని వరిచేలలోంచి మోసుకొస్తారు. గంగలకుర్రు వాళ్లయితే పీకల్లోతు కౌశిక నీళ్లలో దిగి మరీ దాటిస్తారు. ప్రభ కింద తొక్కిన చేను ఆ రైతుకి బాధ కాదు, భాగ్యం. తమరి 200ని పదకొండుతో భాగించి చూశాం. ప్రభకి పద్దెనిమిది మంది. ఇద్దరు మిగిలారు. ఒకడు జీళ్లమ్మేవాడు, రెండోవాడు కానిస్టేబులు. డప్పులవాళ్లకీ పూజారులకీ చోటు లేదు, భక్తులకి అసలే లేదు. రుద్రుల్ని కూడా లెక్కలో వేస్తారేమోనని భయపడి అక్కడితో లెక్క ఆపేశాం.

కోడిపందేల గురించి ఎక్కువ రాయం. అవి జరగవని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెబుతోంది, కోర్టులు చెప్పాయి, ఏటా పండగ ముందు తమరూ చెబుతారు. జరగని చోటికి అన్ని కార్లు ఎందుకొచ్చాయో మాకు తెలీదు. కాకి, డేగ, నెమలి పుంజుల్ని ఏనాడూ మాస్కు అడగలేదు, సరే. వాటి చుట్టూ భుజం భుజం రాసుకుని అరిచిన మనుషుల సంగతేంటి? బరిలో లక్ష ఓడి నవ్వుకుంటూ వచ్చిన పెద్దమనిషి, రోడ్డు మీద మాస్కు జరిమానా వంద అనగానే "యాభైకి చూడండి" అని బేరమాడాడని మా సందులో చెప్పుకుంటున్నారు. నిజమో అబద్ధమో గానీ, మనిషి మావాడే అని మాత్రం నమ్ముతున్నాం.

ఇవాళ పొద్దున్నుంచీ సందు ఖాళీ అవుతోంది. మన రాష్ట్రంలో సెలవులు నిన్నటితో సరి, బడులు తెరిచారు. తెలంగాణలో సెలవులు 30వ తారీఖు దాకా పొడిగించారు. మా ఎదురింట్లో ఇద్దరన్నదమ్ముల పిల్లలున్నారు. ఒకడిది హైదరాబాదు, ఒకడిది అమలాపురం. ఇద్దరిదీ ఏడో తరగతే, ఇద్దరికీ ఒకటే రొంప. ఒకడు కారు కిటికీలోంచి గాలిపటం ఊపుతూ వెళ్లాడు, రెండోవాడు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ముక్కు తుడుచుకుంటూ బడికి వెళ్లాడు. మనిషిని చూసి కాకుండా రాష్ట్రాన్ని చూసి అంటుకునే జబ్బు ఇదొక్కటే అని వాడు వాళ్లమ్మతో అన్నాడట. వాడి పేరు రాయం, తమరు సైన్సు మాస్టారి మీద విచారణ వేస్తారు.

ఇంతకీ మా గోడు ఇక్కడ మొదలవుతుంది. చుట్టాలు వెళ్లిపోయాక రేపు రాత్రి తమరి కర్ఫ్యూ ఎవరికోసం కాపు కాస్తుంది? అమలాపురం పదిన్నరకే తలుపులు బిగించుకునే ఊరు. ఆ వేళ రోడ్డు మీద ఉండేవాడు సరదాకి ఉండడు.

లంక గ్రామాల నుంచి అరటి గెలలు సైకిలుకి అటో వరస, ఇటో వరస కట్టుకుని రావులపాలెం మార్కెట్టుకి వెళ్లే రైతుని తమరు చూశారో లేదో. గెలలు అడ్డం కాబట్టి సీటెక్కడానికి వీలుండదు. హ్యాండిలు పట్టుకుని తోసుకుంటూ నడుస్తాడు. పాట మొదలయ్యేలోగా చేరాలంటే ఐదింటికి బయల్దేరితే కుదరదు. సరుకు రవాణాకి మినహాయింపు ఉందంటారు. సైకిలు సరుకు రవాణా కిందికి వస్తుందా, అరటి గెల రైతు చేతిలో ఉండగా సరుకా, పంటా అన్నది చీకట్లో గట్టు మీద లాఠీ ముందు తేల్చుకోవాల్సిన ధర్మసందేహం కాదు కదండీ.

టికెట్టు చూపిస్తే విమానాశ్రయం నుంచీ రైల్వే స్టేషన్ నుంచీ బస్టాండు నుంచీ ఇంటికి వెళ్లొచ్చన్నారు. సంతోషం. విమానం మాకెలాగూ లేదు. రైలు కూడా లేదు. కోటిపల్లి నరసాపురం లైను పూర్తయి అమలాపురానికి కూత వినబడేలోగా ఈ కరోనాకి మనవలు పుడతారు. మిగిలింది బస్సు. హైదరాబాదు బస్సు నాలుగున్నరకి దిగుతుంది. దిగినవాడి జేబులో టికెట్టుంది, వాడికి దారుంది. వాణ్ని ఈదరపల్లిలో దింపి ఒట్టి బండితో తిరిగొచ్చే ఆటోవాడి జేబులో ఏముంటుంది? పాతిక రూపాయలుంటాయి. వాటికోసం జరిమానా కట్టాలా?

అంబాజీపేటలో పొట్టిక్కలు పొద్దున ఆరింటికి విస్తట్లో పడాలంటే, పనసాకు బుట్టలు కుట్టే ఆడవాళ్లు, పిండి రుబ్బేవాళ్లు, పొయ్యి వెలిగించేవాళ్లు ఎన్నింటికి లేవాలో లెక్క వేసుకోండి. ఉత్తర్వులో వాళ్ల పేరు లేదు. పాలవాళ్లు, చేపలవాళ్లు, రాత్రి కొబ్బరి లారీ లోడు చేసే జట్టువాళ్లు, అందరిదీ ఇదే కథ. పండక్కి వచ్చినవాళ్లు ఇబ్బంది పడకూడదని ఆపిన కర్ఫ్యూ, పండక్కి వాళ్లకి వండిపెట్టి, దింపి, మోసినవాళ్ల మీద పడుతోంది. మా అభ్యంతరం అదొక్కటే.

జబ్బంటే మాకు వేళాకోళం కాదు. రాష్ట్రంలో ఎక్కువ కేసులు చూసిన జిల్లాల్లో మాది ముందు వరస. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండుకే కర్ఫ్యూ పెడితే నోరెత్తకుండా పాటించాం. జూన్ చివర్లో మిగతా జిల్లాలకి సాయంత్రం 6 దాకా సడలించి మాకు మాత్రం 2 గంటలకే మూయమంటే, అదీ పాటించాం. అప్పుడు ఆక్సిజన్ కోసం కాకినాడకీ రాజమండ్రికీ పరుగెత్తినవాళ్లు ఈ సందులో ఉన్నారు. తిరిగిరానివాళ్ల ఫొటోలకి మొన్న సంక్రాంతి నాడు పెద్దల పేరు చెప్పి బట్టలు పెట్టుకున్నాం. ఆ రోజుల్లో నిబంధన కష్టమైనా అందరికీ ఒకటిగా ఉంది కాబట్టి పాటించాం. ఇప్పుడిది వచ్చేవాడికి ఒకలా, ఉండేవాడికి ఒకలా ఉంది. పట్టపగలు పళ్లెం చుట్టూ, బరి చుట్టూ కూర్చుని పంచుకున్న జబ్బుని, అర్ధరాత్రి ఒట్టి రోడ్డు మీద పట్టుకోవాలని చూస్తున్నారు, అది ఆ పనికి తగ్గ వేళ కాదు.

కాబట్టి మా ప్రార్థనలు ఇవి:

1. సైకిలు మీద గెలలు, నెత్తి మీద చేపల తట్ట, బండి మీద పిండి గిన్నె కూడా సరుకు రవాణాయే అని ఒక్క వాక్యం ఉత్తర్వులో చేర్చండి.

2. ప్రయాణికుణ్ని దింపి వచ్చే ఆటోవాడికి వార్డు సచివాలయంలో ఓ చీటీ ఇప్పించండి. ఇంటింటికీ తిరిగి జ్వరాల సర్వే రాసే వలంటీర్లే ఆ చీటీలూ రాయగలరు.

3. కర్ఫ్యూకి కేటాయించిన మనుషుల్లో సగం మందిని పగలు బస్టాండులో పరీక్షలు చేసేవారికి తోడుగా పెట్టండి. చుట్టాలు వెళ్లారు, వాళ్లు వదిలినవి వెళ్లలేదు.

4. అరవై దాటి, బీపీ షుగరు ఉన్నవాళ్లకి ఈ నెల 10 నుంచి మూడో డోసు అన్నారు. మా సందులో ముసలివాళ్లని ఆసుపత్రి దాకా రమ్మనకుండా సందులోకే సూది పంపించండి. టీకా బండి వస్తే కాఫీ మేం ఇస్తాం, అరిసెలు కూడా ఇంకా ఉన్నాయి.

5. వచ్చే ఏడాది కూడా ఈ మహమ్మారి ఉంటే, దేవుడి దయవల్ల ఉండకూడదు గానీ, ఉంటే, నిబంధన ఏదైనా ధనుర్మాసం మొదట్లోనే చెప్పండి. నూనె డబ్బాలు కొని, బియ్యం నానబోసి, బస్సు టికెట్లు కొన్నాక చెప్పి, మర్నాడు మార్చకండి. అప్పుడు చుట్టాల్ని రావద్దని చెప్పే పాపం తమరిదవుతుంది, మాది కాదు. ఆ మేలు మర్చిపోం.

ఈ అయిదింటిలో మొదటి రెంటికీ డబ్బు ఖర్చు లేదు, ఒక్క సంతకం చాలు. రేపు రాత్రి పదకొండు లోపు అది చెయ్యగలరని మనవి.

ఇట్లు,
తమ విధేయులు,
ఎర్రవంతెన సందువాళ్లు
(అల్లుళ్లు తప్ప మిగతా అందరూ)