తాతగారి కారును కొత్తది చేయకండి

మీ తాతగారి షెడ్డులో 1950ల నాటి ప్లిమత్ గానీ డాడ్జ్ గానీ షెవర్లె గానీ ఉందని తెలిస్తే చాలు, వచ్చినవాళ్లంతా ఒకటే పాట పాడతారు. డీజిల్ ఇంజను పీకేయండి, అసలు ఇంజను వెతికించండి, రంగు మొత్తం గీకించి కంపెనీ రంగు వేయించండి, ఆ తర్వాత చూడండి దాని ధర అంటారు. వినకండి. ఇంజను మార్చకండి, రంగు గీకకండి, ఆ బండిని కంపెనీ గేటు దాటి వచ్చిన రోజుకు వెనక్కి తీసుకెళ్లాలని అసలు చూడకండి. పాత కార్లు సేకరించే పెద్దలకు ఇది తలకిందుల సలహా. తమిళనాడులో మా సత్రపట్టి, రాజపాళయం చుట్టుపక్కల షెడ్లలో మిగిలిన కొద్ది బళ్లను చూస్తున్న కొద్దీ నాకు మాత్రం ఇదొక్కటే సరైన దారి అనిపిస్తోంది.

ఎందుకంటే ఆ కారు కంపెనీ చేతిలో ఉన్నది కొన్నాళ్లే. తక్కిన డెబ్బై ఏళ్లూ మన మెకానిక్కుల చేతిలోనే ఉంది. బొంబాయి శివ్‌డీలో జనరల్ మోటార్స్ 1928లో కార్లు బిగించడం మొదలుపెట్టింది. ఫోర్డు వారిదీ దాదాపు అదే కాలం. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ కంపెనీ, యుద్ధం ముగిశాక కుర్లాలో క్రైస్లర్ వారి డాడ్జ్, ప్లిమత్, డిసోటోలను బిగించి అమ్మింది. 1953లో టారిఫ్ కమిషన్, సామాను ఇక్కడే తయారుచేసే ఆలోచన లేని కంపెనీలకు ఈ దేశంలో చోటు లేదని తేల్చింది. 1954 నాటికి ఫోర్డు, జనరల్ మోటార్స్ తట్టాబుట్టా సర్దుకున్నాయి. ఇక సామాను రాదు. బండి మాత్రం తెల్లారితే తిరగాలి. పత్తి బేరానికి పోవాలి, పెళ్లికూతుర్ని తేవాలి, ప్రసవానికి మదురై పోవాలి.

మరి ఎలా తిరిగింది? కింగ్ పిన్ను అరిగితే లేతు మీద కొత్తది తీశారు. కమాను కట్ట విరిగితే లారీ కట్టలోంచి ఒక ఆకు కోసి వేశారు. పెట్రోలు ఖర్చు భరించలేని రోజు వచ్చాక ఆ ఆరు సిలిండర్ల ఇంజను దించి, మద్రాసు సింప్సన్ వారు తయారుచేసే పెర్కిన్స్ డీజిలో, తర్వాతి రోజుల్లో మటడార్ ఇంజనో ఎక్కించారు. టాక్సీలకైతే అది తప్పనిసరి అయింది. దక్షిణాదిలో పెద్ద అమెరికా కార్లు తుక్కు దుకాణానికి పోకుండా ఆపింది ఆ డీజిలే. రాజపాళయం రాజుల ఇళ్లలో తెలుగు ఇన్ని వందల ఏళ్లు అరవ మాటల్ని కలుపుకుంటూ ఎలా బతికి వచ్చిందో, ఆ కారు లారీ సామాను కలుపుకుంటూ అలాగే బతికి వచ్చింది. కలిపిందంతా తీసేస్తే మిగిలేది ఇక్కడి బండి కాదు.

డీజిల్ ఎక్కించిన బండి బానెట్ ఒకసారి ఎత్తి నిదానంగా చూడండి. ఇంజను కూర్చున్న బ్రాకెట్టు ఏ కంపెనీదీ కాదు. పావు అంగుళం పలక కోసి, వంచి, వెల్డింగు పెట్టి, వణుకు ఆగడానికి కింద లారీ టైరు ముక్క దూర్చి ఉంటారు. ఆ పలక మూలలు ఆకురాయితో గుండ్రంగా రాసి ఉంటాయి, సర్వీసు చేసేవాడి చెయ్యి తెగకుండా. ఇప్పుడు అద్దం ముందుకు రండి. ఆ కాలపు షెవర్లెలలో వైపరు కరెంటుతో కాదు, ఇంజను గాలి పీల్చే బలంతో ఆడేది. కొండ ఎక్కేటప్పుడు ఆక్సిలరేటరు తొక్కితే ఆ పీల్పు తగ్గి, వాన జోరుగా ఉన్నప్పుడే వైపరు నిలిచిపోయేది. డీజిలుకు ఆ పీల్పే ఉండదు కాబట్టి మనవాళ్లు కరెంటు మోటారు బిగించారు. ఆ మోటారు డాష్‌బోర్డు కింద ఏ మూల ఇమిడిందో, ఎవరి కాలికీ తగలకుండా దాని తీగ ఎటు తిప్పారో చూశాక, దాన్ని పీకేసి పాత వైపరు పెట్టిస్తానని మీకు నోరు ఎలా వస్తుంది?

చట్టం మాత్రం నా పక్షాన లేదు. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. అలాంటి బండికి ‘వి.ఎ.’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకో ర్యాలీకో మరమ్మతుకో పెట్రోలు పోయించుకోవడానికో మాత్రమే తీయాలి. ఆ నంబరు కోసమే చాలామంది డీజిల్ ఇంజన్లు తుక్కుకు తోసేస్తున్నారు. మీరు ఆ వరుసలో నిలబడకండి. పాత నంబరు మీదే ఉంచండి. ఆర్.సి. పుస్తకం తీసి, ఇంజను మార్పు, ఇంధనం మార్పు అందులో ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకపోతే ఆర్.టి.ఓ. ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చినా తిరిగి ఎక్కించండి. అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుని, సంతకైనా పెళ్లికైనా హాయిగా తోలుకోండి. బండి తిరిగితేనే బాగుంటుంది. నిలబెడితే రబ్బరు ఎండుతుంది, టాంకులో తుప్పు పడుతుంది, ఎలుకలు తీగలు కొరుకుతాయి.

ఇంజను ఇంకా పెట్రోలుదే అయితే మీకు వేరే చిక్కుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. 1950ల నాటి పంపు డయాఫ్రం గానీ రబ్బరు గొట్టం గానీ దాన్ని ఓర్చుకోలేవు. పైగా మన ఎండకు పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి, శంకరన్‌కోయిల్ రోడ్డు మధ్యలో బండి మొరాయిస్తుంది. ఈ ఆవిరి చిక్కుకు ఎలక్ట్రిక్ పంపు పెట్టమని అందరూ అంటారు. నేను సత్రపట్టి మందు చెబుతాను. మా ఊరు బ్యాండేజీ గుడ్డకు, ఆసుపత్రులు వాడే గాజ్ గుడ్డకు పేరున్న ఊరు. ఆ గాజ్ గుడ్డను నాలుగు మడతలు వేసి పంపు చుట్టూ చుట్టండి, నీళ్లు పోయండి. నేత పలుచన కాబట్టి నీళ్లు త్వరగా ఆరతాయి, ఆరేటప్పుడు వేడిని లాక్కుపోతాయి. మంచినీళ్ల సీసాతో పాటు ఒక చుట్ట గాజ్ గుడ్డ బండిలో ఎప్పుడూ ఉండాలి. దాంతో పెట్రోలు మాత్రం వడపోయకండి. పోగులు ఊడి కార్బురేటరు జెట్టులో కూర్చుంటాయి.

మగ్గాల పక్కన షెడ్డు ఉంటే పత్తి ధూళి బండి కిందంతా అంటుకుంటుంది. నూనె జిడ్డుతో కలిసి కమాను కట్టల మీద, ఛాసిస్ మీద మందపాటి పొరలా గట్టిపడుతుంది. దాన్ని వాటర్ సర్వీసుకు తీసుకెళ్లి కడిగించకండి. ఆ పొర కిందే ఇనుము తుప్పు లేకుండా ఉంది. సైలెన్సరు గొట్టం చుట్టూ, ఎగ్జాస్టు దగ్గర మాత్రం గోకి తీసేయండి, నిప్పు అంటుకుంటుంది. రేడియేటరు రెక్కల్లోనూ తీయండి.

కంపెనీ నాటి తళతళ చూడాలని ఉంటే కోయంబత్తూరు వెళ్లండి. అవినాశి రోడ్డులో జి.డి. నాయుడుగారి కుటుంబ సంస్థ వారి కారు మ్యూజియం 2015 నుంచి నడుస్తోంది. నాయుడుగారు మన తెలుగువారే, 1920లో పొల్లాచ్చి–పళని మధ్య బస్సు తోలి మొదలైన మనిషి. మ్యూజియం పని మ్యూజియం చేస్తుంది, అక్కడ అలాగే ఉండాలి. మీ ఇంట్లో బండికి ఆ పని లేదు.

ఇక కొనేవాళ్లకు ఒక మాట. కొత్త రంగు వేసిన దాన్ని కొనకండి. రంగు కింద పుట్టీ, పుట్టీ కింద తుప్పు ఉంటాయి. ఎండకు వెలిసి, బ్రష్షుతో పూసిన రంగు మీద బ్రష్షు గీతలు కనిపించే బండిని కొనండి, అది ఏదీ దాచదు. 1952కు ముందు షెవర్లె అయితే, బేరింగు చప్పుడు వచ్చినా బేరం వదులుకోకండి. ఆ ఇంజను కనెక్టింగ్ రాడ్లలో వైట్ మెటల్ కరిగించి పోసిన బేరింగులే ఉంటాయి, ఆ పని తెలిసిన పెద్దవాళ్లు మదురైలో, కోయంబత్తూరులో ఇంకా ఉన్నారు. ఒక్క రకం బండిని మాత్రం నేను ముట్టను. పెళ్లి ఊరేగింపు ఫొటోల కోసం నాలుగు తలుపుల కారుకు పైకప్పు కోసేసిన బండి. డీజిల్ ఎక్కించినవాడు బండిని బతికించడానికి కోశాడు. ఈ కోత దేనికీ కాదు, పైగా కప్పు పోతే బాడీ బలమే పోతుంది, తలుపులు మళ్లీ సరిగా పడవు.

జ్ఞాపకాలు రాసిపెట్టుకునేవాళ్లు కూడా నా మాట వినాలి. యజమానిని అడగకండి. ఆయనకు ధర, తేదీ, ఎవరెవరు ఎక్కారన్నదే గుర్తుంటుంది. డ్రైవరును, క్లీనరు కుర్రాడిగా ఉండి ఇప్పుడు తాత అయినవాణ్ని అడగండి. జలపాతాల సీజనులో కుట్రాలానికి పదహారు మందిమి పోయామని ఆయన అంటే, వేళ్లు లెక్కపెట్టి సరిచేయకండి. ముందు సీటులో ముగ్గురు కూర్చున్నా పక్కన ఇంకా చోటుండే బండి అది, ఒళ్లో పిల్లలు, డిక్కీలో వంట సామాను. ఆయన చెప్పినట్టే రాయండి. పులియంగుడి దగ్గర ఏ టీ కొట్టు ముందు రేడియేటరుకు నీళ్లు పోసేవారో, ఏ మలుపులో గేరు దించేవారో అడగండి. ఆయన పోతే ఆ సంగతులు ఎవరూ చెప్పలేరు.

అన్నీ అలాగే ఉంచమన్నాను గానీ బ్రేకుల విషయంలో ఉంచవద్దు. ఆ కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే మాస్టర్ సిలిండరు, ఒకే గొట్టం దారి. ఒక్క చోట కారినా నాలుగూ పోతాయి. అక్కడ పాతదనం మీద నాకు ఏ ప్రేమా లేదు, ప్రతి రబ్బరూ ప్రతి గొట్టమూ కొత్తది వేయండి. ప్లిమత్, డాడ్జ్ చక్రం విప్పేటప్పుడు ఎడమవైపు బోల్టులకు ఎదురు మర ఉంటుందని టైరు షాపు కుర్రాడికి ముందే చెప్పండి. మామూలుగా తిప్పితే ఊడవు, మరింత బిగుసుకుని చివరకు తలలు విరుగుతాయి. ఒక్కోసారి బోల్టు తల మీద ‘ఎల్’ అక్షరం ఉంటుంది, జిడ్డు తుడిచి చూపించండి.

అమెరికాలో ఉన్న మీ అబ్బాయి సెలవులకు వస్తూ ఏం తెమ్మంటారని ఫోను చేస్తే, మెరిసే క్రోమ్ బంపర్లు, బానెట్ మీది కొత్త బొమ్మలు అడగకండి. వీల్ సిలిండరు కిట్లు, మాస్టర్ సిలిండరు కిట్టు, ఆ ఏడాది మోడల్ షాప్ మాన్యువల్ చాలు, పెట్టెలో ఒక మూలకు పడతాయి. పెట్రోలు ప్లిమత్ అయితే హెడ్ గ్యాస్కెట్ కూడా తెమ్మనండి, కానీ ముందు మీ ఇంజను హెడ్డు పొడవు టేపు పెట్టి కొలిచి చెప్పండి. కుడివైపు స్టీరింగున్న కార్లు కొన్ని కెనడా నుంచి వచ్చాయి, అక్కడి క్రైస్లర్ ఆరు సిలిండర్ల ఇంజను హెడ్డు పొడవు దాదాపు 25 అంగుళాలు. అమెరికా ప్లిమత్‌ది దాదాపు 23 అంగుళాలే. ఒకదాని గ్యాస్కెట్ ఇంకోదానికి పట్టదు.