మాట తప్పని వాన

2020 ఆగస్టులో ఓరుగల్లు మునిగింది. నాలాల మీది కబ్జాలు కూల్చేస్తామన్నారు. కొన్ని కూల్చారు కూడా, అబద్ధమెందుకు! 2023 జూలైలో మళ్లీ మునిగింది, మళ్లీ అదే మాట. ఆ డిసెంబరులో సర్కారు మారింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చింది. సర్కారు కొత్తది, మాట పాతది. మాట తప్పనిది వాన ఒక్కటే.

ఇప్పుడేమో వాతావరణం మారుతోంది, ప్రజలు నమ్మి సహకరించాలట. హంటర్ రోడ్డు పక్క ఎన్టీఆర్ నగర్ జనానికి నమ్మకం లేదనకండి సారూ. రెడ్ అలర్ట్ అనగానే నమ్మి బియ్యం బస్తాలు పైకెక్కిస్తారు. వరద తీశాక వచ్చే నాయకుడి హామీ కూడా శ్రద్ధగానే వింటారు. బస్తాలు మాత్రం కిందికి దించరు.