చిన్న గేరు మీద కొండవీడు

నేను మౌంటెన్ బైక్‌ని. గుంటూరులో మాత్రం గేరు సైకిలంటారు. 29 అంగుళాల చక్రాలు, బటన్ టైర్లు, గుంటల్లో అణిగి లేచే ముందు ఫోర్కు, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. నన్ను తొక్కేది ఒక బ్యాంకు ఉద్యోగిని. సెలవు దొరికిందంటే తెల్లారకముందే ఫిరంగిపురం దారి పట్టిస్తుంది. కొండవీటి కోట ఎక్కి, దిగి, యడ్లపాడు వైపు వెళ్ళి జాతీయ రహదారి మీదుగా ఇల్లు చేరతాం. మరీ కష్టమైన చుట్టు కాదు, అలాగని తేలికా కాదు. నా పుట్టుకకు సరిగ్గా తగిన దారి ఇది.

మా వంశం మొదలైంది కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ కొండల్లో. 1970ల్లో అక్కడి కుర్రాళ్ళు 1930ల, 40ల నాటి బరువైన పాత సైకిళ్ళను మట్టిదారుల్లో కిందికి ఉరికించేవాళ్ళు. 1976 అక్టోబరు 21న మొదటిసారి పందెం పెట్టుకున్నారు. వాటికున్నది పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. దిగేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలొచ్చేది. మళ్ళీ కొత్త గ్రీజు కూరితేగాని ఇంకోసారి దిగలేకపోయేవాళ్ళు. 1977లో జో బ్రీజ్ అచ్చంగా కొండదారుల కోసమే ఫ్రేములు తయారుచేశాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి మా వాళ్ళు పందెంలో దిగారు. మా పెద్దలు కొండ దిగడం కోసం పుట్టారు. నాకు మాత్రం ఎక్కడమే ఇష్టం. ఆ ఇష్టం కొండవీడు నేర్పింది.

ఊరు దాటి ఘాట్ రోడ్డు మొదలవగానే అమ్మాయి బొటనవేలితో లీవరు నొక్కుతుంది. చైను వెనక ఉన్న అతి పెద్ద పళ్ళచక్రం మీదికి పాకుతుంది. ముందు 32 పళ్ళు, వెనక 46. అంటే పెడల్ ఒక చుట్టు పూర్తిగా తిరిగినా నా చక్రం ముప్పావు చుట్టు కూడా తిరగదు, నేను జరిగేది ఒకటిన్నర మీటరు పైచిలుకు. అదే వెనక 11 పళ్ళ మీద ఉంటే ఆరున్నర మీటర్లు దూకుతాను. నిమిషానికి అరవైసార్లు తొక్కినా చిన్న గేరులో గంటకు ఆరు కిలోమీటర్లు దాటం. నడిచే మనిషి కంటే కాస్త ముందు, అంతే. ఆ నిదానం మీదే నాకు ప్రేమ. కారులో వచ్చినవాళ్ళకు ఒక మలుపుగా దాటిపోయేది మాకు ఒక ఊపిరి. వాలు ఎక్కడ పెరిగిందో అమ్మాయి పిక్కలు చెబుతాయి. సీటు మీద ముందుకు జరిగి, హ్యాండిల్ మీదికి ఒంగకపోతే నా ముందు చక్రం నేల విడిచి లేస్తుంది.

ఒకసారి అక్కడ మేకలు మేపే పెద్దాయన ఆపి అడిగాడు. "ఏమ్మా, నున్నటి రోడ్డేసి పెట్టారుగా, బండి మీద రాకూడదూ?"

"ఇలాగైతేనే కోట తెలుస్తుంది బాబాయ్" అంది.

ఆమె మాట నిజం. ఈ కోటలో గోడ సగమే, మిగతా సగం కొండ. కొండల వరుస సముద్రమట్టానికి సుమారు 1,500 అడుగులు. నిటారు రాయి ఉన్నచోట గోడ అవసరమే లేదు, వాలు తగ్గినచోట బురుజు కట్టారు. రెడ్డిరాజుల రాజధాని మొదట అద్దంకి. దాన్ని అనవోతారెడ్డి ఇక్కడికి మార్చాడు. ఎందుకు మార్చాడో చరిత్ర పుస్తకం ఒక వాక్యంలో చెబుతుంది, ఈ ఎక్కుడు మలుపు మలుపునా చెబుతుంది. తరవాత పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది కూడా ఈ కొండవీటి రాజ్యంలోనే.

రెడ్డిరాజుల తరవాత గజపతుల చేతిలోకి వెళ్ళిన ఈ కోట 1515 జూన్‌లో శ్రీకృష్ణదేవరాయల సైన్యానికి లొంగింది. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడ్డాడు. జూన్ అంటే పల్నాడు రాళ్ళు కాలే రోజులు. ఎక్కే సైనికులకు ఒంటిమీద ఆయుధం, పైనుంచి బాణాలు, ఘాట్ రోడ్డు లేదు, చిన్న గేరు లేదు. పైనున్నవాళ్ళకు మాత్రం నీళ్ళకు కరువు లేదు, కొండ మీద చెరువులున్నాయి. ముత్యాలమ్మ చెరువు గట్టున అమ్మాయి నన్ను ఆనించి సీసాలో చివరి గుక్క తాగేటప్పుడు, ఆ నీళ్ళే ఈ కోటకు అసలు బలమని నాకు అనిపిస్తుంది. ఎన్ని బురుజులున్నా చెరువు ఎండితే కోట నిలవదు. చూడటానికి వచ్చినవాళ్ళు ముందు ద్వారాల ఫొటోలు తీస్తారు. నన్నడిగితే ముందు చెరువులే చూడమంటాను.

దిగేటప్పుడు పని నాది కాదు, బ్రేకులది. సీటు దించి, బరువు వెనక్కి వేసి, పెడళ్ళు రెండూ సమంగా ఉంచాలి. మలుపులో కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. లీవరు ఒకటే బిగబట్టి ఉంచితే డిస్కు వేడెక్కి పట్టు సడలుతుంది. పట్టి వదలాలి, పట్టి వదలాలి. ఆపే బలం ఎక్కువ ముందు బ్రేకుదే. కానీ సన్నకంకర మీద దాన్ని గట్టిగా పిండితే చక్రం జారిపోతుంది. ఇవి తెలియని చేతుల్లో నేను ప్రమాదమే.

కొండ దిగాక పొలాల మధ్య మట్టిబాటలు పిలుస్తాయి. ఎండాకాలం ముందు వరకూ హాయి. మిరప కల్లాల ఎరుపు, పత్తి చేల తెలుపు. వానాకాలంలో మాత్రం నన్ను ఆ బాటల జోలికి రానివ్వకండి. నల్లరేగడి తడిస్తే నా టైరుకు చుట్టుకుని, ఫోర్కు సందులో కూరుకుని, చక్రాన్ని పూర్తిగా ఆపేస్తుంది. నీళ్ళు పోస్తే పోదు, పుల్లతో గీకాలి. ఎండినచోట ఇంకో శత్రువు పల్లేరుకాయ. ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ట్యూబు టైరుతో వచ్చేవాళ్ళు అదనపు ట్యూబు, పంపు తెచ్చుకోవాల్సిందే. తుమ్మముల్లు సంగతి చెప్పనే అక్కర్లేదు.

నా మీద ఇక్కడికి రాదలచినవాళ్ళకు నా మాట ఇది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. పొద్దుపొడిచేసరికి కొండ కింద ఉండండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తక్కువ కాకుండా తెచ్చుకోండి. బయల్దేరే ముందే బ్రేకు ప్యాడ్లు చూసుకోండి. పాతమెట్ల మీద, గోడల మీద, కూలిన కట్టడాల మీద నన్ను దూకించకండి. నా టైరు బటన్లకు ఊడే ప్రతి సున్నపు పెళ్ళా వందల ఏళ్ళ నాటిది, మళ్ళీ అతకదు. ద్వారం దగ్గరే దిగండి. కోట లోపల నడవండి, నన్ను పక్కన నడిపించుకుంటూ రండి.