ఎర్రపెన్ను చేతికొచ్చిన ట్రైనింగు సారు

బి.ఎడ్. ట్రైనీకి బడిలో కుర్చీ దొరకదు గానీ పనికి మాత్రం కొదవుండదు. ఎన్‌.సి.టి.ఇ. వారు 2014 నిబంధనలతో బి.ఎడ్.ను రెండేళ్లు చేసి, అందులో కనీసం 20 వారాలు బడిలోనే ఉండాలన్నారు. ఆ వారాల్లో చాలాభాగం లెసన్ ప్లాన్లు రాయడానికీ, సెలవు పెట్టిన సార్ల క్లాసుల్లో గోల ఆపడానికీ సరిపోతుంది. టర్ము చివర మాత్రం మనకు హఠాత్తుగా గౌరవం పెరుగుతుంది. కమలాపురంలో నేనున్న బడిలో ఒక పెద్దసారు సోషల్ పేపర్ల కట్ట నా చేతిలో పెట్టి, "దిద్దప్పా, అనుభవం వచ్చాది" అన్నారు. ఏ పనికైనా అనుభవం వస్తుందని ఎవరైనా ఆశ పెట్టారంటే, అది వాళ్లు చేయదలచుకోని పనేనని నా అనుమానం.

పాపఘ్ని ఏ నదికి ఉపనది? ఇది ప్రశ్న. మా పిల్లలు దీన్ని తప్పకూడదు. ఆ ఏరు మా ఊరి దగ్గరే పోయి పెన్నలో కలుస్తుంది. ఒకడు రాసిన జవాబు ఇదీ: "మా ఊరి పక్కనే ఉంది. నీళ్లుంటే నది, ల్యాకపోతే ఇసుక." చదివిన కొద్దీ నిజమే అనిపిస్తోంది. కానీ ఆన్సర్ కీలో ఇసుక లేదు. సున్నా వేయడానికి చెయ్యి రాక అరమార్కు వేశాను. వాడికింత తెలిసినందుకు అరా, కీ రాసినాయనకు తెలియనందుకు అరా కలిపి ఒకటి వేయాల్సింది గానీ, ట్రైనీకి అంత అధికారం ఎక్కడిది!

ప్రాజెక్టు పనులు ఇంకా సులువు. గండికోట జలాశయం గురించి రాయమంటే ఒక వరుస వరుసంతా "గుండికోట" అని రాసుకొచ్చింది. మొదటి కొమ్ము ఎవరు పెట్టారో పోలీసులు కూడా తేల్చలేరు. ఇక ప్రోగ్రెస్ కార్డులో రిమార్కుల గడి. మొదటి కార్డులకు "చక్కని ఆలోచన, దస్తూరీ మీద శ్రద్ధ పెట్టాలి" అని మనసుపెట్టి రాశాను. రాత్రి పొద్దుపోయేకొద్దీ అందరూ "ఇంకా కృషి చేయాలి"లోకి వచ్చేశారు. ఏవన్ గ్రేడు వచ్చిన పిల్ల కూడా.

తర్వాత తల్లిదండ్రుల సమావేశం. ప్రభుత్వం 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టినప్పుడు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మా కడప మునిసిపల్ హైస్కూలుకే వచ్చారు. మా మీటింగుకు అంత పెద్దవాళ్లెవరూ రాలేదు గానీ, శనగచేనికి పోవాల్సిన అమ్మలు ఒకపూట కూలి మానుకుని వచ్చారు. అది చిన్న సంగతి కాదు.

గ్రేడ్ల గురించి నేను ముందురోజే ఉపన్యాసం తయారుచేసుకున్నాను. బీటూ అంటే ఏమిటి, సీవన్ అంటే ఏమిటి, పిల్లల్ని పోల్చకూడదు ఎందుకు. ఒకమ్మ ఓపిగ్గా విని, "అదంతా మాకేం తెలుచ్చాది సారూ, మావోడు పాసయినాడా ల్యాదా, రొంత ఆ మాట చెప్పు" అంది. పాసయ్యాడన్నాను. "అయితే కాపీ కొట్టింటాడు" అని తేల్చేసింది.

ఇంకొకాయన "కండ్లు రెండూ ఇడిసిపెట్టి మిగిలిందంతా మీ ఇష్టం, నాలుగు తగిలీ" అన్నాడు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద కొట్టడం నిషేధమన్నాను. "అయితే ఆ సెక్షన్‌తోనే చదివిచ్చు, చూచ్చాం" అని లేచిపోయాడు.

రాని నాన్నలు కువైట్‌లో ఉన్నవాళ్లు. వాళ్ల డ్యూటీ అయి రాత్రి పదింటికి తీరిక చేసుకుంటే మనకు పన్నెండున్నర. ఐఎంఓ వీడియో కాల్‌లో బొమ్మ నిలవదు, మాట విరుగుతుంది. లెక్కల్లో వెనకబడ్డాడని చెప్పడానికి నేను పడ్డ అవస్థలో "లెక్కల్లో" పోయి "పడ్డాడు" ఒక్కటే అవతలికి చేరింది. ఆ తండ్రి ఏ ఆసుపత్రి అని అడిగాడు. దెబ్బల్లేవని నమ్మించాక లెక్కల సంగతి ఆయనకు శుభవార్తలాగే వినబడింది.

అసలు పరీక్ష నాకు జరిగింది. యే ఊరు, పెండ్లయిందా, నువ్వు పర్మనెంటా? ట్రైనింగు అని చెప్పగానే ఒక అవ్వ కార్డు మూసేసి పెద్దసారును పిలవమంది. ఒకాయన మాత్రం జాలిపడి, "మెగా డీఎస్సీలో పదహారువేల పోస్టులేసిరి గదప్పా, నీకొకటి రాల్యా?" అన్నాడు. 2025లో వేసింది 16,347 టీచరు పోస్టులు. అంకె ఆయనకు దాదాపు సరిగ్గానే తెలుసు. నా బి.ఎడ్. ఇంకా పూర్తి కాలేదని చెబితే ఆయన మనవరాలివైపు తిరిగి, "చూడు పాపా, బిన్నె చదవకపోతే ఇట్లుంటాది" అన్నాడు. ఆ పాపే ఏవన్ పిల్ల.

కాబట్టి పెద్దలకు ఒక మనవి. ఈసారి మీ ఊరి బడికి ట్రైనింగు సారు వస్తే ఊరు అడగండి, పెండ్లి అడగండి, పోనీ జీతం ఎంతని కూడా అడగండి, లేదని చెబుతాడు. డీఎస్సీ సంగతి మాత్రం పిల్లల ముందు ఎత్తకండి. మరుసటి రోజు మొదటి పీరియడ్ వాడిదే.